ఆ రాయిని అక్కడే ఉండనీయండి

సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు కబురు పంపినప్పుడు, పాత విద్యార్థులు మామూలుగా రాసే వ్యాసమే నేనూ రాద్దామనుకున్నాను. మా రోజుల్లో హాస్టలు మెస్సు, మా రోజుల్లో సమ్మెలు, మా రోజుల్లో లెక్చరర్లు అంటూ నాలుగు పేజీలు నింపడం పెద్ద పనేం కాదు. అయితే అంతకు నెల రోజుల ముందే సంఘం తరఫున నలుగురు విద్యార్థులు పరకాలలో మా ఇంటికి వచ్చి ఒక ప్రతిపాదన చెప్పిపోయారు. ఆనాడు వాళ్ళకు చాయ తాగించి పంపించానే తప్ప సరైన జవాబు చెప్పలేదు. కాగితం మీద సంతకం పెట్టమంటే, చూద్దాం లెమ్మన్నాను. పెద్దవాళ్ళు "చూద్దాం" అంటే దాని అర్థమేమిటో విద్యార్థులకు బాగా తెలుసు. వాళ్ళు ముఖాలు ముడుచుకొని వెళ్ళిపోయారు. అందుకే ఆ జవాబేదో నలుగురూ చదివే ఈ సంచికలోనే చెబుతున్నాను.

ప్రతిపాదన ఇది. మేడారం పోయి వస్తూ ఆ పిల్లలు తాడ్వాయి అడవిలో, కాటాపూర్ వైపు, ఊరి మనిషి నొకరిని వెంటబెట్టుకొని రాకాసి గూళ్ళు చూడబోయారు. గూళ్ళ నడుమ శిలువ ఆకారంలో చెక్కిన నిలువురాయి ఒకటి ఒరిగిపోయి కనిపించింది. పక్కనే గుప్తనిధుల కోసం ఎవరో తవ్విపోసిన గుంతలు. కడుపు తరుక్కుపోయిందన్నారు. ఆ రాయిని లారీలో తెచ్చి మన కాలేజీ ముంగిట్లో జెండా గద్దె పక్కన నిలబెట్టాలి, అందుకు ప్రభుత్వానికి మహజరు పెట్టాలి, మొదటి సంతకం పాత విద్యార్థిగా నాది కావాలి.

"సార్, అది ఆడనే ఉంటె ఖతమైతది. ఈడుంటె రోజుకు రెండువేలమంది చూస్తరు" అన్నాడు వారిలో ఒక అబ్బాయి.

ఆ మాటలో తప్పేముంది? తప్పేమీ లేదు. వాళ్ళ బాధ నిజం, భయమూ నిజం. మా తరం ఆ రాళ్ళను చూసి కనీసం బాధ కూడా పడలేదు. బస్సు కిటికీలోంచి చూసి "ఏవో బండలు" అనుకున్నాం. కనుక నా విరోధం వాళ్ళ ఉద్దేశంతో కాదు, లారీతోనే.

ముందుగా ఆ రాళ్ళ సంగతి రెండు ముక్కలు చెప్పాలి. సైన్సు, కామర్సు విద్యార్థులలో వీటిని ఎరుగనివారే ఎక్కువ.

తాడ్వాయి మండలంలో దామరవాయి, కాటాపూర్ ప్రాంతాలలోనూ, అక్కడినుంచి గోదావరి వెంట ఖమ్మం వైపు జానంపేట దాకానూ అడవిలో ఈ గూళ్ళు ఉన్నాయి. నాలుగు వైపుల బండలు నిలిపి పైన ఒక పెద్ద బండను కప్పుగా పరిచిన రాతి గదులివి. మన జనం వీటిని రాకాసి గుళ్ళంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్ళంటారు. అంత బరువు మామూలు మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసులో పాండవులో ఎత్తి ఉండాలని వాళ్ళ తర్కం. నిజానికి ఇవి సమాధులు. ఇనుము వాడకం బలపడిన కాలంలో, అంటే దాదాపు మూడువేల సంవత్సరాల కిందటినుంచి క్రీస్తు శకం తొలి రోజుల దాకా, ఇక్కడి మనుషులు తమ చనిపోయినవారికి కట్టిన ఇండ్లు. వాటిలో దొరికేవి నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, బాణపు మొనలు, పూసలు, ఎముకలు. లంకెబిందెలు కావు. ఈ ముక్క పెద్దక్షరాలతో అచ్చువేయమని సంపాదకులను కోరుదామనుకున్నాను గానీ, గుప్తనిధులు తవ్వేవాళ్ళు సావనీరులు చదవరు.

వీటిలో కొన్నింటి దగ్గర చెక్కిన నిలువురాళ్ళు ఉంటాయి. 1868లో మల్హెరన్ అనే సర్వే ఉద్యోగి ఈ అడవుల్లో తిరిగి శిలువ ఆకారపు రాళ్ళున్నాయని రాసి పంపాడు. దాన్ని పట్టుకొని 1872లో ఫెర్గుసన్ అనే పండితుడు లండన్‌లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో కాటాపూర్ రాళ్ళ బొమ్మలు వేయించాడు. వేసి ఊరుకోలేదు. శిలువ ఉన్నది కాబట్టి ఇవి క్రైస్తవులు నిలిపినవే అయి ఉండాలని వాదించాడు. అప్పట్లో ఈ సమాధులు ఎంత పాతవో తేల్చే సాధనాలు లేవు. పాపం, ఆయన చూసింది రాయిని కాదు, రాయి బొమ్మను. దగ్గర నిలబడి చూస్తే అందులో తల కనబడుతుంది, రెండు వైపులా చాచిన చేతులు కనబడతాయి. తమిళనాడులో మోట్టూరు దగ్గర గుండ్రని భుజాలతో ఉన్న రాతిపలకను కూడా మనిషి రూపమనే పండితులు గుర్తించారు. కొన్ని రాళ్ళకు స్తనాలు కూడా చెక్కి ఉన్నాయి. అంటే అవి ఆడవాళ్ళ రూపాలు. అక్షరం తెలియని కాలంలో, శిల్పశాస్త్రాలు పుట్టకముందు, మన గోదావరి గట్టున ఎవరో ఒక ఇనుప ఉలి పట్టుకొని "ఇక్కడ ఉన్నది మనిషి" అని చెప్పడానికి పడిన కష్టమది. దాని తర్వాత ఎన్నో వందల ఏండ్లకు గానీ, 1213లో, అదే ములుగు ప్రాంతంలో రామప్ప రాలేదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటినుంచి రామప్పకు బస్సులు బారులు తీరుతున్నాయి. సంతోషమే. ఆ బస్సులు ఇంకాస్త ముందుకు పోతే మదనికల పెద్దమ్మలు కనిపిస్తారు గదా అని నా బాధ!

ఇక లారీ సంగతికి వస్తాను.

మన పరకాల పరువు గల ఊరు. 1947 సెప్టెంబరు 2న ఇక్కడ జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు చనిపోయినవాళ్ళను ఈ ఊరు మరవలేదు. 2003లో అమరధామం వెలిసింది. ఇవాళ పరకాలకు చుట్టం వస్తే మనం మొదట చూపించేది అదే. ఇప్పుడు నేను అడిగేదేమిటంటే, రేపు హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, "అమరధామం పరకాలలో ఉంటే ఎంతమంది చూస్తారు? ట్యాంక్‌బండ్ మీద పెట్టిస్తే లక్షమంది చూస్తారు. లారీలు నేనే తెస్తాను" అంటే, ఊరు ఊరుకుంటుందా? ఆయన వచ్చిన దారినే పోవలసి వస్తుంది. ఎందుకని? ఆ గుర్తు విలువ చూసేవాళ్ళ లెక్కలో లేదు. ఆ నేల మీద ఆ నెత్తురు పడింది, కాబట్టి ఆ నేల మీదే అది ఉండాలి. కాటాపూర్ రాయి కింద ఉన్నవాళ్ళకూ అంతే. వాళ్ళ మనుమలు మనకు తెలియదు, సభ పెట్టి అడ్డుకొనేవాళ్ళు లేరు, అంతే తేడా.

అంతెందుకు, ఊరి బొడ్రాయినే చూడండి. ఊరు పుట్టినప్పుడు నడిమధ్య నిలిపిన రాయి. ఇండ్లు కూలుతాయి, రోడ్లు వెడల్పవుతాయి, బొడ్రాయి మాత్రం కదలదు. బొడ్రాయి పండుగంటే మూడు జిల్లాల అవతల ఇచ్చిన ఆడబిడ్డలు కూడా చంటిపిల్లలను చంకనేసుకొని వస్తారు. హద్దురాయి అయినా అంతే. జానెడు జరిపితే చాలు, అన్నదమ్ములు కచేరి మెట్లెక్కుతారు. రాయి ఎక్కడ నిలబడ్డదనేదే దాని అర్థమని తెలియని రైతు మన దగ్గర లేడు. చదువుకున్న మనకే ఆ సంగతి మళ్ళీ చెప్పుకోవలసి వస్తున్నది.

ఇదంతా పెద్ద తెలివితో చెబుతున్నానని అనుకోవద్దు. చేయవలసిన తప్పు మా ఇంట్లోనే జరిగింది.

పరకాల అవతల మా ఊళ్ళో మాకు ఆరెకరాల చెల్క ఉండేది. దాని మధ్యన నా ఎత్తుకు రెండింతలున్న నిలువురాయి. నున్నగా అరిగిపోయి, పైన కొంచెం సన్నబడి, కింద వెడల్పుగా ఉండేది. ఏరువాకనాడు నాయనమ్మ దానికి ఇంత పసుపు రాసి, ఒక కొబ్బరికాయ కొట్టేది. ఎందుకంటే చెప్పేది కాదు. 1979 ఎండాకాలం, నేను ఎనిమిది పాసైన ఏడు, బాపు రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించాడు. రాయి నాగలికి అడ్డం తాకుతున్నదని ఒక కారణం, కొట్టానికి గడప కావాలని ఇంకో కారణం. నాయనమ్మ చెల్కకొచ్చి, "ఎవలో పెద్దమనిషి నిలబడ్డడురా, కొట్టియ్యకు" అన్నది. "పెద్దమనిషైతె జర పక్కకు జరగాలె గదనే అవ్వా" అన్నాడు బాపు. అందరం నవ్వినం. నేనూ నవ్విన.

వాళ్ళు రాయికి వరుసగా గుంటలు కొట్టి, ఇనుప మేకులు దిగేసి, సమ్మెటలతో రెండు రోజులు కొట్టారు. వాళ్ళకు సద్ది మోసింది నేనే. మూడోరోజు మొదలు పెకిలించితే కింద కుండలు బయటపడ్డయి. నల్లని లోపలి వైపు నిగనిగలాడుతున్న కుండలు. వాటిని చూడగానే అందరి కండ్లూ మారిపోయినయి. ఒక్కొక్కటే పగలగొట్టి చూశారు. మన్ను, బూడిద, తుప్పు పట్టిన ఇనుప ముక్క, ఎముకల పలుకులు. ఇంకేం లేదు. పెంకులతో మేం పిల్లలం కచ్చకాయలాడినట్టు ఆడుకున్నాం.

సాయంత్రానికల్లా ఊళ్ళో బాపుకు బంగారం దొరికిందన్నారు. ఒకరు తులాలన్నారు, ఒకరు శేరన్నారు. పెదనాయన వచ్చి ఉమ్మడి భూమి మీద దొరికిన సొమ్ములో సగం పంచమని గడపలో కూర్చున్నాడు. లేదంటే నమ్మలేదు. రాత్రిళ్ళు ఎవరెవరో వచ్చి చెల్క నిండా గుంతలు తవ్విపోయారు. అన్నదమ్ముల నడుమ మాట పోయింది. మా అక్క పెండ్లికి పెదనాయన రాలేదు. ఆయన పోయిననాడు బాపు దూరంగా చింతచెట్టు కింద నిలబడి, శవం లేచేదాకా అట్లనే ఉన్నాడు, దగ్గరికి పోలేదు. దొరకని బంగారం రెండు ఇండ్లను అంత దూరం చేసింది.

తర్వాత ఎన్నో ఏండ్లకు లైబ్రరీలో ఫెర్గుసన్ వేయించిన కాటాపూర్ బొమ్మ చూశాను. చూసిన వెంటనే మా చెల్క రాయి మీద పైన సన్నబడి కింద వెడల్పయిన ఆ వంపు జ్ఞాపకం వచ్చింది. అది భుజమా? గాలికి వానకు అరిగిన అరుగుడా? తేల్చడానికి రాయి లేదు. ఒక్క ఫొటో లేదు. కింద ఎముకలు ఏ దిక్కుకు ఉన్నాయో, కుండలు ఎట్లా పేర్చి ఉన్నాయో చూసినవాడిని నేనే, నాకే గుర్తులేదు. పధ్నాలుగేండ్ల పిల్లవాడు సద్దిగంప దించి చూసింది చూసినట్టు రెండు వాక్యాలు నోటుబుక్కులో రాసి ఉంటే ఇవాళ ఆ రెండు వాక్యాలకు ఎంత విలువుండేది!

అందుకే లారీ అంటే నాకు భయం. లారీలో వచ్చేది రాయి ఒక్కటే. కింది మనిషి అక్కడే ఉంటాడు, నెత్తిన గుర్తు లేకుండా. గుర్తు పోయిన చోటు తవ్వేవాళ్ళకు ఇంకా సుళువు. పైగా ఆ రాయి ఏ గూటికి ఏ దిక్కున నిలబడ్డది, ఎటు చూస్తున్నది, పక్క రాయికి ఎంత దూరం అనే లెక్కలన్నీ అడవిలోనే పోతాయి. ఆ లెక్కలేం చేసుకుంటామంటారా? కృష్ణానది ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఎనభై దాకా ఎత్తైన నిలువురాళ్ళున్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి.రావుగారు ఏండ్ల తరబడి అక్కడ తిరిగి, ఆ రాళ్ళ వరుసలకూ సూర్యుడి ఉదయాస్తమయాలకూ సంబంధముందని చూపించారు. ఒక రాతి మీద గుంటలుగా చెక్కిన సప్తర్షి మండలాన్ని గుర్తించారు. 2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఎవరో మంచి మనసున్నవాళ్ళు ముప్పై ఏండ్ల కింద ఆ రాళ్ళను కాపాడుదామని తలా ఒకటి కాలేజీలకు తరలించి ఉంటే? ఎనభై కాలేజీల్లో ఎనభై బండలుండేవి. సూర్యుడు మాత్రం ముడుమాల్‌లోనే పొడిచేవాడు.

నాగార్జునకొండ మాటేమిటని మీరడుగుతారు. ఆనాడు వచ్చిన విద్యార్థుల్లో ఒక అమ్మాయి అడగనే అడిగింది. మంచి ప్రశ్న. అక్కడ డ్యాం కట్టారు, నీళ్ళు వస్తున్నాయి, లోయ మునిగిపోతుంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొలిచి, పటాలు గీసి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించారు. వాటిలో ఒక రాతి సమాధి కూడా ఉంది. వేరే గతి లేక చేసిన పని అది, అదీ ఆరేండ్లు కష్టపడి కొలతలు తీసిన తర్వాత. తాడ్వాయికి ఏ నీళ్ళూ రావడం లేదు. అక్కడ వచ్చేది దొంగతవ్వకం. దొంగ వస్తాడని ఇల్లు ఖాళీ చేస్తామా, కుక్కను పెంచుతామా?

ఆ కాపలా మాటకే వస్తున్నాను. పురావస్తు శాఖ బోర్డు పాతితే చాలునని నేననను. బోర్డు తుప్పు పడుతుంది, కొన్నిచోట్ల ఆ ఇనుమును కూడా ఎత్తుకుపోయారు. రాయిని కాపాడేది దాని చుట్టూ ఉన్న ఊరే. కాటాపూర్ చుట్టూ కోయ గూడేలున్నాయి. ఆ అడవిలో అడుగుపెట్టినవాడు ఎవడో, ఎందుకు వచ్చాడో మనకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. అక్కడివాళ్ళను అడగకుండా, వాళ్ళ ముంగిట్లో ఉన్నదాన్ని మన ముంగిట్లోకి తెచ్చుకోవడం ఏ న్యాయం? మేడారం జాతరకు కోటిమంది పోతున్నా ఆ గద్దెలను హనుమకొండలో పెట్టిద్దామని ఎవరూ అనరు గదా!

మరి విద్యార్థులు చేయవలసిన పనేమీ లేదా? బోలెడుంది. పరకాల, రేగొండ, ములుగు వైపు నుంచి మన కాలేజీకి ఎంతమంది వస్తున్నారు! ఒక్కొక్కరు తమ ఊరి పొలిమేర తిరిగితే చాలు. రేగొండ దగ్గర పాండవుల గుట్ట మీది ఆదిమానవుల రంగుబొమ్మలు 1990లో గానీ లోకానికి తెలియలేదు. పశులకాపరులు మాత్రం తాతల నాటినుంచీ ఆ గుహల నీడన సద్ది తింటూనే ఉన్నారు. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు, అంతే. కాబట్టి అడగండి. రాయి కనిపిస్తే టేపుతో ఎత్తు, వెడల్పు, మందం కొలవండి. ఏ దిక్కుకు ముఖం పెట్టిందో రాయండి. ముసలివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో వాళ్ళ మాటలోనే రాసుకోండి, మన పుస్తకాల పేరు వాళ్ళ నోట్లో పెట్టకండి. ముఖ్యంగా సర్వే నంబరు రాయండి. భూమి కాగితాలన్నీ కంప్యూటర్లకెక్కినయి, బావి ఉందా బోరుందా అన్నీ రాస్తారు. అట్లాగే ఈ సర్వే నంబరులో పాతకాలపు సమాధి ఉన్నదని గ్రామసభ తీర్మానం చేసి తహసీలుదారుకూ, హైదరాబాదులో పురావస్తు శాఖకూ పంపితే, రేపు ఆ భూమి కొన్నవాడికి, గ్రానైటు క్వారీ పెట్టబోయేవాడికి "మాకు తెలియదు" అనే అవకాశం ఉండదు. ఎన్‌.ఎస్‌.ఎస్‌. క్యాంపుకు ఏడు రోజులుంటాయి. స్కూలు గోడలకు సున్నం వేయడం మంచిదే గానీ, ఏటేటా అవే గోడలకా?

ఇంకొక్క మాట. అడవిలోని రాళ్ళ ఫొటోలు ఫోన్లలో పెట్టేటప్పుడు దారి, గుర్తులు చెప్పకండి. మనకంటే ముందు పారలు పోతాయి.

కాలేజీ ముంగిట్లో ఏదో ఒకటి ఉండాలనే ముచ్చట మీకు తీరకపోతే, ఆ ఏడు రోజుల్లో మీరు కొలిచి తెచ్చిన రాళ్ళన్నీ గుర్తించిన పెద్ద పటం ఒకటి వరండా గోడకు కట్టించండి. ఆ ఖర్చుకు నా పెన్షన్లోంచి నా వంతు ఇస్తాను. ఆ మహజరు మీద సంతకం మాత్రం పెట్టను.

మా పరకాల మొన్నటిదాకా వరంగల్ జిల్లా. 2016లో వరంగల్ రూరలన్నారు, 2021లో హనుమకొండన్నారు. ఇంటి అడ్రసు రాసేటప్పుడు నేనే తడబడుతున్నాను. అడవిలో నిలబడ్డవాళ్ళకు ఆ గోల లేదు.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు టేపు తీసుకుపోయాను. మా చెల్క రాయి నాలుగు ముక్కలైంది. ఒకటి కొట్టం గడప. రెండు ఎక్కడున్నాయో తెలియదు. పై ముక్క, అదే ఆ వంపున్న ముక్క, బోరింగు దగ్గర బట్టలుతికే బండ. నలభై ఏండ్లకు పైగా దాని మీద మా ఇంటిల్లిపాది బట్టలు ఉతికారు. నేను వంగి కొలుస్తుంటే అవ్వ వచ్చి పక్కన నిలబడ్డది. ఎనభై ఏండ్లు దాటినయి, చూపు సరిగా ఆనదు.

"ఏందిరా, బండను కొలుత్తానవ్?"

చెప్పిన. మూడడుగుల నాలుగంగుళాలు. అవ్వ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బకెట్టు జరిపి, ఉతకాల్సిన చీరను బండ మీదినుంచి తీసి తీగ మీద వేసింది.

"అటుదిక్కు గూడ కొలువు. ఆడ సబ్బు అంటింది, నీళ్ళు పోత్త ఉండు" అన్నది.